ఆ కిటికీ రబ్బరు

పెద్దాడు అన్నం దగ్గర అనేసి లేచిపోయాడు. "21 బాంబులేస్తే ఒక్కటేనా తగిలింది?" అత్తయ్య నిద్ర చెడుతుందని అప్పుడు ఊరుకున్నాను. పదకొండున్నరైంది, ఇంకా ఆ మాటే తిరుగుతోంది.

1982 ఏప్రిల్ 30 రాత్రి, అర్జెంటీనా ఆక్రమించుకున్న ఫాక్‌లాండ్స్ దీవుల్లోని రన్‌వేని పాడుచెయ్యడానికి బ్రిటన్ వల్కన్ బాంబరు బయల్దేరింది. అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీకి పోను దాదాపు 6,300 కిలోమీటర్లు, రాను అంతే. రన్‌వే పొడుగునా వేసుకుంటూ పోతే, గురి కాస్త పక్కకి జరిగినా 21 మట్టిపాలే. అందుకే రన్‌వేని ఏటవాలుగా కోస్తూ వేశారు. అలా వేస్తే ఒకటైనా తగులుతుందని లెక్క. చీకట్లో, 10,000 అడుగుల పైనుంచి వేస్తే ఒకటి నడిమధ్యే పడింది. అనుకున్న లెక్క సరిపోయింది కదా, "ఒక్కటేనా" ఏమిటి?

అసలు ముందు వెళ్లాల్సింది వేరే వల్కన్. పైకి లేచాక పైలట్ పక్క కిటికీ రబ్బరు సరిగ్గా పట్టలేదు, కేబిన్‌లో ఒత్తిడి నిలవలేదు, వెనక్కి తిరగాల్సి వచ్చింది. కింద ఎవరూ చూసుకోలేదేమిటని నాకెప్పుడూ కోపమే. సాయంత్రం కుక్కర్ దగ్గర నిలబడ్డాక ఆ కోపం పోయింది. మూత బిగిసినట్టే ఉంది. ఆవిరి పుట్టాక గానీ అంచు నుంచి బుస్సుమనలేదు. నేల మీద కేబిన్ లోపలా బయటా ఒత్తిడి ఒకటే, లోపం బయటపడేది పైన గాలి పల్చబడ్డాకే. వాళ్ల తప్పు కాదు.

సరే, అదనంగా తెచ్చిన రెండో వల్కన్, పైలట్ మార్టిన్ విథర్స్ విమానమే ముందుకెళ్లింది. దానికి తోడుగా గాల్లోనే ఇంధనం పోసే 11 విక్టర్ ట్యాంకర్ విమానాలు, ఒకదానికొకటి కూడా పోసుకుంటూ. వల్కన్ మోయాల్సినదానికన్నా ఎక్కువ బరువుతో, తనకు అనువు కాని ఎత్తులో, ట్యాంకర్లతో కలిసి ఎగరాలి. ఇంధనం అనుకున్నదానికన్నా వేగంగా తాగేసింది. చివర్లో తుఫాను మేఘాలు. ఇచ్చే ట్యాంకరు వదిలిన గొట్టం చివరి బుట్ట ఎగిరెగిరి పడుతుంటే, ఇంధనం అందుకుంటున్న విక్టర్ ప్రోబ్, అంటే ఆ బుట్టలో దూర్చే ముక్కు గొట్టం, విరిగింది. విరిగినవాడు ముందుకు పోలేడు. ఇస్తున్న విక్టర్ పైలట్ బాబ్ టక్స్‌ఫర్డ్ తనే వెళ్లాలి, అంటే ఇచ్చిన ఇంధనం మళ్లీ వెనక్కి తీసుకోవాలి, అదే తుఫానులో. తన బుట్టలో విరిగిన ముక్క ఇరుక్కుందేమోనని వల్కన్‌ని దగ్గరికి రప్పించి చూపించుకున్నాడు. ఆ తర్వాత తను అసెన్షన్ చేరడానికి చాలదని తెలిసీ వల్కన్‌కి పోశాడు. బాంబులు పడ్డాయన్న కబురు వినేదాకా రేడియోలో సాయం అడగలేదు. ఎదురొచ్చిన ఇంకో ట్యాంకరు ఆయన విమానంలోని ఐదుగురినీ కాపాడింది. ఆ రాత్రి అందరూ విథర్స్ పేరే చెప్తారు, నేనూ అంతే చెప్పేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే ముందు టక్స్‌ఫర్డ్ పేరే వస్తోంది.

ఇంకోటి మాత్రం మింగుడుపడదు. వల్కన్‌లో ఎజెక్షన్ సీట్లు, అంటే ప్రమాదంలో మనిషిని బయటికి ఎగరేసేవి, ఇద్దరు పైలట్లకే. వెనక్కి తిరిగి కూర్చునే ముగ్గురూ, అంటే నావిగేటర్లిద్దరూ, ఎలక్ట్రానిక్స్ చూసే ఆయనా, విమానం అడుగున ఉన్న తలుపు తెరుచుకుని కిందికి జారాలి. చక్రాలు దించి ఉంటే ఆ తలుపు వెనకాలే ముందు చక్రం కాడ. ఆ రాత్రి అదనంగా ఎక్కిన ఆరో మనిషి, ఇంధనం పట్టడంలో ఆరితేరిన డిక్ రస్సెల్, ఆ పని వంతు వచ్చినప్పుడే కో-పైలట్ సీటులోకి మారాడు. మిగతా సమయం ఆయనకీ ఆ తలుపే గతి. సుమారు 16 గంటలు! బాంబులు గురి చూసింది ఆ వెనకవాళ్లే.

పొద్దున పెద్దాడికి ఆ తలుపూ, చక్రమూ గీసి చూపిస్తాను.