మంచం పైన గోడ

ఈ రోజు మధ్యాహ్నానికల్లా పడకగదిలో మంచం పైన పటం ఎక్కింది. మంచాన్ని కిటికీ వైపు నుంచి ఈ గోడకి మార్చినప్పటి నుంచీ పైన బోసిగానే ఉంది. ఏదో ఒకటి పెట్టాలని ఆయనా నేనూ అనుకుంటూనే ఉన్నాం. ఏది పెట్టాలన్న దగ్గరే మాట తెగేది కాదు.

హాల్లో పటాన్ని కుర్చీలో కూర్చుని తీరిగ్గా చూస్తాం. మంచం పైన పటం అలా కాదు. పడుకున్నవాళ్ల తల దాని కిందే ఉంటుంది కాబట్టి వాళ్లకి అది కనిపించనే కనిపించదు. చూసేది గుమ్మంలోంచి వచ్చే మనిషి. రోజంతా పని చేసి, ఒళ్లు అలిసి గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఎదురుగా ఏది కనిపిస్తే ప్రాణం తెరిపిన పడుతుందో అదే అక్కడ ఉండాలని నా పట్టుదల. అందుకే బొమ్మలు చూస్తున్నన్నాళ్లూ గుమ్మంలోనే నిలబడి చూశాను. అంత దూరం నుంచి సన్నగీతల బొమ్మలూ, చిన్న చిన్న అక్షరాలున్నవీ అలికేసినట్టు కలిసిపోతాయి. పెద్ద ఆకారాలు, తక్కువ రంగులు ఉన్నవే నిలుస్తాయి.

ఆయనకి నీళ్లంటే ఇష్టం. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చేసిన పెద్ద కెరటం బొమ్మని పెద్ద సైజులో ప్రింట్ వేయించి పెడదామన్నారు. ఆ బొమ్మ నాకూ ప్రాణమే. కానీ కెరటం కింద పడవలున్నాయి, ఆ పడవల్లో మనుషులు నడుం వంచి బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. విరిగి మీద పడబోయే నీళ్ల కింద తల పెట్టుకుని పడుకోవడానికి నాకు మనసొప్పలేదు. పైగా అది చెక్క మీద చెక్కి కాగితం మీద అద్దిన అచ్చు. అసలుది వెడల్పు సుమారు 38 సెంటీమీటర్లు, ఎత్తు 26 సెంటీమీటర్లే. దగ్గరగా పెట్టుకుని చూసుకోవాల్సిన బొమ్మని గోడంత చేస్తే ఆ గీతల్లో పదును పోతుంది. మీ బల్ల ముందు అసలు సైజులోనే పెట్టుకోండి అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది.

మంచం, పటం అన్న మాటలు కలిస్తే నాకు డచ్చి చిత్రకారుడు వాన్ గో వేసిన పడకగది బొమ్మ గుర్తొస్తుంది. ఫ్రాన్సులోని ఆర్ల్ ఊళ్లో తను ఉన్న గదిని 1888లో ఒకసారి వేశాడు, 1889లో మళ్లీ రెండుసార్లు వేశాడు. ఆ మంచమే, ఆ ఎర్ర దుప్పటే, ఆ కుర్చీలే. మంచం పక్క గోడకున్న పటాలు మాత్రం మారాయి. మొదటిదాంట్లో ఇద్దరు స్నేహితుల ముఖాలున్నాయి. చివరిదానికొచ్చేసరికి వాటిలో ఒకటి తన ముఖమే. పడుకునే చోట ఎవరిని దగ్గరగా ఉంచుకోవాలనిపించిందో వాళ్లని పెట్టుకున్నాడని నాకనిపిస్తుంది. ఈ ఆలోచన వచ్చాక కొట్లో అమ్మే ప్రింట్ల మీద నుంచి నా మనసు పూర్తిగా మళ్లింది.

మా ఆడపడుచు వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి అట్టగొట్టంలో చుట్టి బీరువా మీద ఉంది. సాయంత్రపు చెరువు, అవతల గట్టు, పైనంతా ఆకాశం. అంతే. ఆకాశంలో ఒకచోట తడి ఆరకముందే రెండో రంగు వేయడంతో అంచు పూవు విచ్చినట్టు పాకింది. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. విప్పి ఆయనకి చూపిస్తే, "ఇది మనింట్లోనే ఉందా!" అన్నారు. ఇక వెతకాల్సిన పని లేకపోయింది.

కాగితం 30 అంగుళాల వెడల్పు, 22 ఎత్తు. మంచం వెడల్పు 60. పటం మంచంలో మూడింట రెండు వంతులకి తగ్గకుండా ఉంటే గోడ నిండుగా ఉంటుంది, అంతకన్నా బాగా చిన్నదైతే దిక్కులేనట్టు కనిపిస్తుంది. అంటే 40 అంగుళాలు కావాలి. బొమ్మ చుట్టూ నాలుగేసి అంగుళాల తెల్ల అట్ట మౌంటు, ఆపైన అంగుళం చెక్క ఫ్రేమ్ కట్టిస్తే సరిగ్గా 40 వచ్చింది. మౌంటు అట్ట ఆమ్లం లేనిదే కావాలని పట్టుబట్టాను. మామూలు అట్టయితే కొన్నేళ్లకి కాగితం అంచులు పసుపెక్కుతాయి. అద్దం బదులు అక్రిలిక్ అనే ప్లాస్టిక్ షీటు వేయించాను. అదే మందం అద్దంలో సగం బరువే ఉంటుంది, తల మీద పగిలి ముక్కలవుతుందన్న టెన్షన్ ఉండదు. అతినీలలోహిత కిరణాల్ని ఆపే రకం తీసుకున్నాం. నీటిరంగులకి ఎండ పడదు. వాన్ గో తన గది గోడలు లేత ఊదారంగువని ఉత్తరంలో రాశాడు. ఇవాళ ఆ బొమ్మలో అవి నీలంగా కనిపిస్తాయి, కలిపిన ఎరుపు వెలిసిపోయింది కనుక. మా ఆడపడుచు వేసిన ఆకాశంలోనూ ఎరుపు ఉంది. ఫ్రేమ్‌కి ఎంత ఖర్చు పెట్టినా దండగ కాదని నేననుకోవడానికి కారణం అది.

పొద్దున్నే తమ్ముడు డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని దిగాడు.

"అక్కా, పటం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలట, మ్యూజియంల లెక్క అది," అన్నాడు.

"అది నిలబడి చూసే గోడకిరా. ఇక్కడ మంచం తలపలకే 50 అంగుళాలుంది. 57లో మధ్య పెడితే పటం కింది తొమ్మిది అంగుళాలు దాని వెనకాల పోతాయి."

ఎత్తు తేల్చడానికి పేపర్లు అతికించి పటం సైజులో కత్తిరించి గోడకి టేపుతో అంటించాం. పటం కింది అంచు తలపలక నుంచి ఎనిమిది అంగుళాలు పైకి. అక్కడ బాగుందో లేదో కంటికి తెలిసిపోతుంది, ఇంకా పైకి పెడితే పటం మంచంతో తెగతెంపులు చేసుకున్నట్టుంటుంది. ఆయన దిండుకి ఆనుకుని పుస్తకం పట్టుకుని కూర్చుంటే తల ఫ్రేమ్ దాకా రాలేదు. సరే, ఖాయం.

ఫ్రేమ్ వెనక రెండు చివర్లా రెండు రింగులున్నాయి. మధ్యలో తీగ కట్టి ఒకే మేకుకి తగిలిస్తే తలుపు వేసినప్పుడల్లా పటం ఓ పక్కకి ఒరుగుతుంది. రెండు స్క్రూలకి రెండు రింగులు తగిలిస్తే కదలదు. పేపరుని ఫ్రేమ్ వెనక పరిచి రింగుల దగ్గర చిల్లులు పొడిచి, దాన్ని మళ్లీ గోడకి అంటించి, ఆ చిల్లుల్లోంచే పెన్సిల్‌తో గుర్తులు పెట్టాం. రసమట్టం పెట్టి చూశాడు తమ్ముడు. బుడగ గీతల మధ్యే నిలిచింది. స్విచ్చుబోర్డు నుంచి వైర్లు సాధారణంగా నిట్టనిలువుగా పైకి వెళ్తాయి కాబట్టి మంచం పక్క బోర్డుకి నేరుగా పైన గుర్తు పడలేదని కూడా చూసుకున్నాడు.

చిల్లు కింద కాగితం పొట్లంలా మడిచి టేపు వేసి, 6 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టాడు. ముందు తెల్లపొడి రాలింది.

"ఇది ప్లాస్టరు. ఎర్రపొడి వచ్చేదాకా పోవాలక్కా, ఇటుకలోకి స్క్రూని పట్టుకునే ప్లగ్గు దిగితేనే పట్టు," అన్నాడు. కాసేపటికి పొట్లంలో తెలుపు మీద ఎరుపు పడింది. రెండో చిల్లూ అంతే. ప్లగ్గులు కొట్టి, స్క్రూలు బిగించి, ఒక్కోదాన్నీ చేత్తో గట్టిగా కిందికి లాగి చూశాడు. కింద మనుషులు పడుకునే చోటు కదా, ఆ లాగి చూడటం నాకెంతో నచ్చింది. ఫ్రేమ్ కింది మూలల వెనక చిన్న ఫెల్టు బిళ్లలు అంటించాం, గోడకి గీతలు పడకుండా.

ఎక్కించాక ముగ్గురం గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాం. అక్కడి నుంచి రంగు పాకిన ఆ చోటు కూడా కనబడుతుందని నేననుకోలేదు. ఫోటో తీసి ఆడపడుచుకి పంపితే వెంటనే ఫోన్ చేసింది. "వదినా, పారేశారేమో అనుకున్నాను," అంది. ఆ గొంతు విన్నాక ఇంకేమీ మాట్లాడలేకపోయాను. ఫోన్ ఆయనకిచ్చాను.

మా అమ్మాయి తన మంచం పైన కూడా ఒకటి కావాలంటోంది. దానికి అత్త చేతే కాన్వాసు మీద వేయించాలి. పిల్ల మంచం మీద గెంతుతుంది కాబట్టి ఫ్రేమూ షీటూ లేకుండా తేలిగ్గా ఉండాలి. ఏం వేయాలో అత్తతో తనే మాట్లాడుకుంటానంది. మంచి మాటే. గుమ్మంలోంచి ముందు చూడాల్సింది ఆ పిల్లే కదా.