పోస్టులు తర్వాత, ముందు పాత ధరలు మార్చండి

మంగళగిరిలో మా పిన్నికి చిన్న చేనేత చీరల షాపు ఉంది. దాని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ మ్యాప్స్ వ్యవహారమంతా నేనే చూస్తుంటాను. రోజూ ఏదో ఒకటి పోస్ట్ చేస్తూ ఉండాలని అందరూ చెబుతారు గానీ, నన్నడిగితే కొత్తది వేసే ముందు ఇప్పటికే జనానికి కనబడుతున్నది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడమే అసలు పని. వారం రోజులు పోస్టు పడకపోతే అడిగే నాథుడు ఉండడు. ధర తప్పుగా కనబడితే మాత్రం షాపుకొచ్చి మరీ అడుగుతారు.

ఆ మధ్య గుంటూరు నుంచి ఒకావిడ వచ్చి ఫోన్ చూపించి, "ఇందులో పద్నాలుగు వందల యాభై అని ఉంది కదమ్మా, ఇప్పుడు పదిహేడు వందలంటారేంటి?" అంది. జరీ రేటు పెరిగిందండీ అని పిన్ని చెబితే, "మరి ఇక్కడ మార్చలేదే?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే కదా! పిన్ని ఆ పాత ధరకే ఇచ్చి పంపింది. ఇప్పుడు చీర మీద రేటు చీటీ మార్చిన రోజే షాపులో అమ్మాయి వాట్సాప్ క్యాటలాగ్‌లోనూ (చీరల ఫొటోలు, ధరలు పెట్టే జాబితా) మార్చేస్తుంది, అమ్ముడైపోయింది ఉంటే తీసేస్తుంది. చేనేతలో అదే రంగు, అదే అంచు మళ్లీ అడిగితే మగ్గం మీద నుంచి దిగేదాకా ఆగాలి మరి, లేని చీర చూపించి ఊరించడం దేనికి?

గూగుల్ మ్యాప్స్ సంగతి చాలామందికి తెలియదు. మన షాపు టైమింగ్స్, ఫోన్ నంబరు మార్చమని ఎవరైనా సూచించవచ్చు, ఒక్కోసారి అది మనం చూసుకునేలోపే మారిపోతుంది కూడా. అందుకే అప్పుడప్పుడూ మన షాపు పేరు మనమే కొట్టి చూసుకోవాలి. సంక్రాంతికి మూసేస్తే ఆ తేదీలకు వేరే టైమింగ్స్ పెట్టే వీలుంది, వాడండి.

ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు, కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళుతుంది. బిల్లు వేసేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త స్టాక్ వస్తే పెడతాం" అని చెప్పి, అక్కడే చేయించాలి. ఇంటికెళ్లాక ఎవరూ చేయరు.

ఏ నెలలో ఏం చూపించాలి అన్నదానికి మేం పంచాంగమే పెట్టుకుంటాం. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అది ఆగస్టు మధ్యకు జరుగుతుంది. కిందటేడాది తేదీల ప్రకారం జూలై మొదటి వారంలో "శ్రావణ మాసం కలెక్షన్" అని వేసేస్తే, అప్పటికి ఆషాఢమే రాదు! అధిక మాసంలో పెళ్లిళ్లు ఉండవు, పైగా మే, జూన్ ఎండలు, కాబట్టి ఆ రోజుల్లో పట్టు అంచులవి పక్కనపెట్టి రోజూ కట్టుకునే కాటన్ నిజాం అంచు చీరలు చూపించడం మేలు. కదలని తేదీ ఒకటుంది, ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజుకి మగ్గం దగ్గర తీసిన వీడియో ఒకటి ముందే ఉంచుకుంటాం.

ఇక ఫొటోలు. పొద్దున పదిలోపు గుమ్మంలో వెలుతురుకి తీస్తాం, అంచూ పైటా రెండూ కనబడేలా మడత వేసి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మామిడిపండు రంగు నిమ్మపండు రంగులా పడుతుంది, కొరియర్‌లో వెళ్లిన చీర అలాగే తిరిగొస్తుంది. ఫిల్టర్ల జోలికి అసలు పోం.

నెలకి ఇన్ని రీల్స్ అని ప్యాకేజీలు అమ్మేవాళ్లు వస్తూనే ఉంటారు. రీల్స్ సరే గానీ, రేటు మారిన రోజు క్యాటలాగ్ ఎవరు మారుస్తారు అని అడుగుతాను. అది మీ పనేనండీ అంటారు. అయితే రీల్స్ కూడా మేమే చూసుకుంటాంలెండి అని పంపించేస్తున్నాను.