పొడవాటి బల్ల పోయాక

నేను రోజూ వెళ్లే కెఫేలో ఒకప్పుడు పొడవాటి చెక్కబల్ల ఉండేది. పక్కన ఎవరు వచ్చి కూర్చుంటారో తెలిసేది కాదు. ఒక పెద్దాయన తన పేపరులో మధ్య పేజీలు తీసి నాకిచ్చేవారు.

అద్దెలు పెరిగాయి, కెఫే చేతులు మారింది. ఇప్పుడన్నీ ఇద్దరికి సరిపడే చిన్న బల్లలు, వీపు ఆనించుకోలేని ఎత్తు స్టూళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాటిని ఎక్కగలరా? గోడ సున్నం గీకి పాత ఇటుకను మాత్రం ముచ్చటగా బయటపెట్టారు!

లండన్ కార్మికవాడల్లోకి మధ్యతరగతి చేరి, అక్కడి పాతవాళ్లు వెళ్లిపోవాల్సి రావడాన్ని గమనించి సామాజికవేత్త రూత్ గ్లాస్ 1964లో ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టారు. మా కెఫేలో జరిగిందీ అలాంటిదే. ల్యాప్‌టాప్ తెచ్చుకుని ప్లగ్గు పక్కనే చోటు వెతుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ణి లెండి.

నిన్న ఆ పెద్దాయన తలుపు దాకా వచ్చి, లోపలికి ఒకసారి చూసి, వెనక్కి తిరిగారు.