నాన్నతోటి శ్రీశైలం

అమ్మ పోయినంక ఏడాది దాకా కొండలెక్కొద్దు, క్షేత్రాలకు పోవద్దు అన్నరు పెద్దోళ్ళు. సరేనన్నం. యాదగిరిగుట్ట ఎంత దూరం, ఉప్పల్ దాటితే ఇట్ల పోయి అట్ల రావొచ్చు, దానికి కూడ పోలే. సంవత్సరీకం అయిపోయి తమ్ముడు, మరదలు పూణె పోయిన తెల్లారి నాన్న "శ్రీశైలం పోదామా బిడ్డా" అన్నడు. నేనైతే నమ్మలే, ఎందుకంటే ఈ ఏడాదిల ఆయన నోరు తెరిచి అడిగింది చాయ్ ఒక్కటే, అది కూడ నేను కిచెన్ల ఉన్నప్పుడే.

ఇంకోటి కూడ చెప్పాలె. ఈ ఏడాదంత మా ఇంట్ల అమ్మ పేరు ఎవరం ఎత్తలే. కావాలని కాదు, ఎవరికి వాళ్ళం పక్కోళ్ళు బాధపడ్తరేమోనని "ఆ టైంల", "అప్పుడు" అనుకుంట చుట్టు తిరిగి మాట్లాడేటోళ్ళం. ఫోటోకు దండ మార్చేటప్పుడు కూడ అంతే.

మా ఆయన కారు తీస్తనన్నడు గానీ నాన్న బస్సే కావాలన్నడు. పొద్దున్నే ఎంజీబీఎస్‌ల ఎక్కినం. పహాడీ షరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మకు బస్సులకెల్లే దండం పెట్టుడు, డిండి దాటినంక మన్ననూరు చెక్‌పోస్టు. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వు. జంతువులు తిరుగుతయని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తరు, అందుకే ఈ రూట్ల పొయ్యేటోళ్ళు పొద్దుగాలనే బయల్దేరుతరు. పులి కనబడలే, కోతులే కనబడ్డయి, రోడ్డు పొంటి వరసగా కూసుని ఎవరన్న ఏమన్న విసురుతరా అని చూస్తున్నయి. ఈగలపెంట దాటి దిగుతుంటే డ్యామ్ వచ్చింది. 12 గేట్లూ మూసే ఉన్నయి. గేట్లెత్తినప్పుడైతే సగం హైదరాబాద్ ఆ బ్రిడ్జి మీదనే ఉంటది, ఇప్పుడు మా బస్సు, రెండు లారీలు, అంతే.

సత్రంల రూమ్ దొరికింది. సాయంత్రం స్పర్శ దర్శనానికి పోయినం. మల్లన్న దగ్గర ఆ గొప్పతనం ఉంది కదా, లింగాన్ని మన చేత్తోటి ముట్టుకోవచ్చు, కాకపోతే మగోళ్ళు పంచె కట్టుకోవాలె. నాన్నకు పంచె నిలవది. ఏ పెండ్లికి పోయినా అమ్మ రెండు పిన్నీసులు పెట్టి పంపేది. క్యూల నిలబడ్డ కాసేపటికే జారుడు మొదలైంది, ఒక చేత్తో నడుం కాడ పట్టుకుని ఇంకో చేత్తో ఇనుప రాడ్డు పట్టుకుని నడుస్తున్నడు. నేనేమో ఆడపిల్లనైతి, అంతమందిల ఏం సాయం చేస్త? వెనక ఒక కన్నడాయన, అడ్డ విభూతి బొట్టు, ఆయన కాసేపు చూసి చూసి ఏదో అన్నడు, మాకు అర్థం కాలే, నాన్నను తన దిక్కు తిప్పుకుని, కుచ్చిళ్ళు మొత్తం విప్పి మళ్ళ పోసి, బొడ్డు కాడ లోపలికి దోపి, పైనుంచి మడత తిప్పి గట్టిగ ఒక గుంజు గుంజిండు. నాన్న బడికి తయారయ్యే పిల్లగాని లెక్క చేతులు పైకెత్తుకుని నిలబడ్డడు. ఆ ముడి మళ్ళ రూమ్‌కు వచ్చేదాకా కదల్లే!

లోపల ఎంతసేపు, లింగం మీద చెయ్యి పెట్టి తల ఆనించేలోపే "నడవండి నడవండి" అంటరు. దాని గురించి రాసేదేం లేదు.

మర్నాడు ఆటో మాట్లాడుకుని సాక్షి గణపతి దగ్గరికి పోయినం. ఆ గణపతి చేతిల గంటం, పుస్తకం ఉంటయి, వచ్చినోళ్ళ పేర్లు రాసుకుని శివయ్యకు సాక్ష్యం చెప్తడని నమ్మకం, ఒక రకంగ అటెండెన్స్ అన్నట్టు. పంతులుగారు గోత్రనామాలు అడిగిన్రు. నాన్న కండ్లు మూసుకుని గోత్రం చెప్పిండు, తన పేరు చెప్పిండు, ఆ వెంటనే అమ్మ పేరు, తమ్ముడు, మరదలు, మనవడు, గుక్క తిప్పకుండ. పంతులుగారు "ధర్మపత్నీ సమేతస్య" అని మొదలుపెట్టి అమ్మ పేరు గట్టిగ చదివిన్రు. ఏడాది తర్వాత ఆ పేరు చెవుల పడ్డది.

పోయినోళ్ళ పేరు తర్పణంల చెప్తరు గానీ అర్చనల చెప్పరు, ఆ మాత్రం నాకు తెలుసు. అనబోయి ఊకున్న. ఇంకో సంగతేందంటే ఆ లిస్టుల నా పేరు లేదు, పెండ్లయినంక నా గోత్రం వేరే కదా. పోయిన అమ్మ ఉంది, కొబ్బరిచిప్ప పట్టుకుని పక్కన నిలబడ్డ నేను లేను. ఏడుపు రావాలె గానీ నాకు నవ్వొచ్చింది, ఇది అమ్మకు చెప్తే ఎంత నవ్వేదో అనిపించి ఇంకింత నవ్వొచ్చింది.

బయటికొచ్చినంక నాన్ననే అన్నడు, "నాకు తెల్వదనుకున్నవా? నోటికి పడ్డ వరుస బిడ్డా అది. నా పేరెనక మీ అమ్మ పేరు తీసేస్తే తర్వాత ఎవరున్నరో యాదికి రాదు." కాసేపాగి, "అయినా ఆయన రాసుకుంటే రాసుకున్నడు, ఇప్పుడు కొట్టేస్తడా ఏంది" అన్నడు.

ఇగ అక్కడి నుంచి నోరు ఆగలే. పెండ్లయిన కొత్తల ఇద్దరు ఇక్కడికి వచ్చిన్రంట, ఘాట్‌ల అమ్మ దారి పొడుగూత వాంతులు చేసుకుందంట, పాతాళగంగ మెట్లెక్కేటప్పుడు చెప్పులు పోయినయంట. ఇవేవీ నాకు తెల్వదు.

చివరికి శిఖరం. నంది కొమ్ముల మధ్యలకెల్లి చూస్తే గుడి శిఖరం కనబడాలె, కనబడితే పునర్జన్మ ఉండదంటరు. నువ్వులు పోసి నాన్న వంగి చూసిండు, ఒక కన్ను మూసి చూసిండు, అద్దాలు తీసి చూసిండు. వెనక లైన్ల అరుస్తున్నరు.

"కనబడ్డదా?" అన్న.

"యాడ కనబడ్డది. అప్పుడు మీ అమ్మ కనబడ్డది కనబడ్డది అని ఒకటే గంతులు. నాకు అప్పుడు కూడ కనబడలే. ఆమె అంత సంబరపడుతుంటే కనబడలేదని ఎట్లంట, నాకూ కనబడ్డదన్న."

"మరిప్పుడు?"

"ఆటో ఆయనను ఇంకో పది నిమిషాలు ఆగమను" అనుకుంట పోయి లైన్ల చివరికి మళ్ళ నిలబడ్డడు.