సగటు ధర చూసి భయపడకండి

శివారులో ఇల్లు కొనాలనుకునే చాలామంది ఆ ప్రాంతపు సగటు ధర చూసి అక్కడే ఆగిపోతున్నారు. పాత చిన్న ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కొత్త విల్లాలు పక్కపక్కనే ఉన్నచోట సగటును నమ్మకూడదు. అమ్ముడైన ఐదిళ్ల ధరలు లక్షల్లో 40, 45, 50, 90, 200 అనుకోండి. సగటు 85. కానీ వరుసలో మధ్యనున్న ధర 50 మాత్రమే. అడగాల్సింది ఈ మధ్య ధర.

అదీ ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తుంది. చిన్న ఇళ్లు అమ్మకానికి రాని నెలలో, ఏ ఇంటి ధరా పెరగకపోయినా, మధ్య ధర పైకెళ్తుంది. అందుకే ఒకే రకం, దాదాపు ఒకే విస్తీర్ణం ఉన్న ఇళ్లను చదరపు అడుగు లెక్కన పోల్చండి. చెప్పే ధర కాదు, రిజిస్టరైన ధర తీసుకోండి.

అసలు దెబ్బ వడ్డీది. 20 ఏళ్ల అప్పుపై వడ్డీ 6 నుంచి 8 శాతానికి పెరిగితే నెల వాయిదా దాదాపు 17 శాతం పెరుగుతుంది. వాయిదా పెంచుకోలేని కుటుంబానికి దొరికే అప్పు సుమారు 14 శాతం తగ్గుతుంది. అంటే ఇంటి ధర కదలకపోయినా ఇల్లు అందకుండా పోతుంది. జీతాలు తక్కువున్న కుటుంబాలు ముందుగా నష్టపోయేది ఇక్కడే, ఇది నిజంగా బాధాకరం.

బేరానికి చోటుందో లేదో తెలియాలంటే, అమ్మకానికున్న ఇళ్లను నెలకు అమ్ముడయ్యే సంఖ్యతో భాగించండి; అవన్నీ అమ్ముడవడానికి ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. ఐదారు వస్తే మార్కెట్ సమతూకంలో ఉన్నట్టు, రెండు మూడే అయితే బేరానికి పెద్దగా చోటుండదు. ఇక శివారు కాబట్టి ప్రయాణ ఖర్చు, పన్ను, నిర్వహణ రుసుము కూడా వాయిదాకు కలిపే చూడండి.