నా అనుభవం: గురువుగారి 32 సౌండ్లు

మా గురువుగారు ఏళ్ల తరబడి ఆర్కెస్ట్రాలో వాయించిన యమహా డీఎక్స్7 కీబోర్డ్ ఇప్పుడు నా దగ్గరుంది. 1983లో వచ్చిన మోడల్. మెమరీలో 32 సౌండ్లు పడతాయి. కంపెనీవి తీసేసి, వీణ, నాదస్వరం, గుడిగంట అంటూ ఆయన సొంతంగా చేసుకున్నవే అన్నీ. అవి ఇంకెక్కడా లేవు. వాటిని నిలబెట్టేది లోపలున్న ఒక్క బిళ్ల బ్యాటరీ. పోయిన నెల బ్యాటరీ చెక్ నొక్కితే 3 వోల్టులు ఉండాల్సింది 2.2 చూపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్యాటరీ పీకితే మెమరీ పోయినట్టే. ముందు మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ డేటా పంచుకునే పద్ధతి) ద్వారా సౌండ్లను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలి. ఫంక్షన్ నొక్కి, 8వ బటన్‌తో మిడి సెట్టింగుల్లోకి వెళ్లి, సౌండ్ల డేటా పంపడానికీ అందుకోవడానికీ అనుమతిచ్చే సిస్ ఇన్ఫో దగ్గర అవైల్ పెట్టాను. మళ్లీ 8 నొక్కితే ‘మిడి ట్రాన్స్‌మిట్?’ అని అడిగింది. ఎస్ నొక్కాను. ఫైల్ వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను.

సైజు చూడగానే గుండె ఆగినంత పనైంది: 3,870 బైట్లు. ఒక్కో సౌండ్‌కి 128 బైట్లు, 32 సౌండ్లకి 4,096. సౌండ్లకి ముందు వచ్చే 6 బైట్లు, చివర వచ్చే 2 కలిపితే కచ్చితంగా 4,104 రావాలి. ఒక్క బైట్ తగ్గినా ఆ ఫైల్‌ని నమ్మకూడదు. తప్పు నేను కొన్న చవక యూఎస్‌బీ మిడి కేబుల్‌ది. వాయించేటప్పుడు ఒక్కో నోట్‌కి మూడు బైట్లే కాబట్టి దాని లోపం బయటపడదు. ఇక్కడేమో నాలుగు వేల పైచిలుకు బైట్లు సెకనున్నర లోపే ఆగకుండా వచ్చిపడతాయి. అది అందుకోలేక మధ్యలో వదిలేసింది.

స్నేహితుడి ఆడియో ఇంటర్‌ఫేస్ (మిడి కేబుల్ కూడా పెట్టుకోగల రికార్డింగ్ పెట్టె) తెచ్చి మళ్లీ చేశాను. 4,104! మూడుసార్లు తీసి, మూడు ఫైళ్లూ ఒకటేనని సరిపోల్చుకున్నాను. బైట్లను ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ వ్యూయర్‌లో తెరిస్తే మొదట ఎఫ్0, చివర ఎఫ్7 (డేటా మొదలు, ముగింపు గుర్తులు), మధ్యలో గురువుగారు పెట్టిన పేర్లు. పేరుకి పది అక్షరాలే చోటు. నాదస్వరాన్ని ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా పదే! అది అక్కడ కనబడగానే కళ్లు చెమ్మగిల్లాయి. డీఎక్స్7 సౌండ్లను కంప్యూటర్‌లో మోగించే, ఉచితంగా దొరికే డెక్స్‌డ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ వేసి, 32 సౌండ్లూ విని, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒకటి దాచాకే కీబోర్డ్ విప్పనిచ్చాను.

పాత బ్యాటరీని బోర్డుకి సోల్డర్ చేసి ఉంచారు. రిపేర్ చేసే అన్న దాన్ని తీసి, హోల్డర్ బిగించి కొత్త సీఆర్2032 పెట్టాడు. ఆన్ చేస్తే పేర్ల చోట పిచ్చి గుర్తులు. తిరిగి ఎక్కించేటప్పుడు మెమరీ ప్రొటెక్ట్ (సౌండ్లు చెరిగిపోకుండా వేసే తాళం) ఆఫ్‌లో ఉండాలి, సిస్ ఇన్ఫో మళ్లీ అవైల్‌కి మార్చాలి. లోపలున్న 32నీ అడక్కుండా చెరిపేసి రాస్తుంది కాబట్టి ఏ ఫైల్ పంపుతున్నామో రెండుసార్లు చూసుకోవాలి. పంపాను. పేర్లన్నీ వరసగా వచ్చాయి.

వెంటనే గురువుగారికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి నాదస్వరం వాయించాను. కాసేపు విని, “సౌండ్ అదేరా. గమకం అందట్లేదు, బెండ్ చూడు” అన్నారు. నిజమే. పిచ్ బెండ్ రేంజ్ (చక్రం తిప్పితే స్వరం ఎంత జారాలన్న లెక్క) లాంటి ఫంక్షన్ సెట్టింగులు ఆ 4,104 బైట్లలో రావు. బ్యాటరీతో పాటే పోయాయి. విప్పకముందే కాగితం మీద రాసుకోవాల్సింది. ఆయన ఫోన్‌లో చెబుతుంటే ఒక్కో అంకె మారుస్తూ, ఆయన “ఆఁ, అదీ” అనేదాకా వాయించాను. ఆ అంకెలన్నీ ఇప్పుడు కీబోర్డ్ పెట్టె మూత లోపల అంటించి ఉన్నాయి.