మా షార్ట్ ఫిల్మ్‌లో అక్క గొంతు

2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని కొట్టేసింది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం అది. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపించిన హిజ్రాను వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చని అందులో ఉండేది. ఆ తీర్పు వచ్చిన వారమే నేను స్క్రిప్ట్ మొదలుపెట్టాను. జాకెట్లు కుట్టి బతికే ఒక ట్రాన్స్ మహిళ కథ, ఇరవై నిమిషాల సినిమా. నేను గేని. మాలాంటివాళ్లు తెరమీదికి రాగానే హాలంతా నవ్వడం చిన్నప్పటి నుంచి విన్నాను. పక్క సీట్లో మా ఇంట్లోవాళ్లూ నవ్వేవాళ్లు. అలా నవ్వడానికి వీల్లేని సినిమా ఒక్కటైనా తీయాలని ఎప్పటి నుంచో ఉంది.

ముఖ్య పాత్రకు సికింద్రాబాద్ వైపు ఉండే ఒక ట్రాన్స్ మహిళ ఒప్పుకున్నారు. నిజంగానే టైలర్. అక్కా అని పిలుస్తాను. స్క్రిప్ట్ చదివి వినిపించాను. సిగ్నల్ దగ్గర చప్పట్లు కొడుతూ డబ్బులు అడిగే సీన్‌తో మొదలవుతుంది. అంతా విని ఒకటే అడిగింది: "సిగ్నల్ కాడ నేను నిలబడ్డది రెండేండ్లు. మిషన్ తొక్కుతున్నది పదకొండేండ్లు. నీ కథల ఆ రెండేండ్లే ఉన్నయేంది తమ్ముడూ?"

నెల రోజులు మళ్లీ రాశాను. ఇప్పుడు సినిమా ఆది జాకెట్‌తో మొదలవుతుంది. బస్తీలో ఒకామె ఆది జాకెట్ ఇచ్చి, మెడ కొంచెం కిందికి పెట్టమంటుంది. అక్క టేపు తీసుకుంటుంది. అంతే సీన్. అందులో ఉన్న గౌరవం నాకు ముందు తట్టలేదు.

ఒప్పంద పత్రం తెలుగులో రాసి, ఒక్కో మాటా చదివి వినిపించాను. రెండు షరతులు అక్క పెట్టినవి. ఎడిటింగ్ అయ్యాక తను చూసి వద్దన్న షాట్ ఉండకూడదు. వీధి, ఇంటి నంబరు కనపడకూడదు. షూటింగ్ రోజుల్లో కుట్టుపని ఆగుతుంది కాబట్టి రోజుకింత అని ముందే మాట్లాడుకున్నాం. కష్టం మీద సినిమా తీస్తూ ఆ మనిషికే డబ్బులు ఇవ్వకపోవడం నాకు నచ్చదు. నాలుగు రోజుల షూటింగ్, ఆరుగురి టీమ్, అంతా నా పొదుపులోంచే.

శ్రావణంలో పెళ్లిళ్ల ఆర్డర్లతో అక్కకు ఊపిరాడదు, ఆషాఢంలోనే ఖాళీ. కానీ ఆషాఢమంటే బోనాలు. గల్లీ గల్లీకీ మైకులు, డప్పులు. మేమేమో సింక్ సౌండ్ అనుకున్నాం, అంటే షూటింగ్‌లో పలికిన మాటే సినిమాలో వినపడాలి. పైగా ముందు మాట్లాడుకున్న ఇంటి ఓనరు కథ ఏంటో తెలియగానే, రెండు రోజుల ముందు కుదరదన్నాడు. చివరికి అక్క గదిలోనే తీశాం. కెమెరా పెడితే తలుపు తెరుచుకోని గది అది. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ ఆపి, చెమటలో మాటల సీన్లు తీశాం. ఎనిమిదింటికి మైకు మొదలయ్యేది. అప్పటి నుంచి మాటల్లేని షాట్లే.

ఒక రోజు సీన్ మధ్యలో పోతరాజు గల్లీలోకి వచ్చాడు. అక్క మిషన్ వదిలేసి గుమ్మంలోకి వెళ్లి దండం పెట్టింది. కెమెరా ఆపలేదు. ఆ షాట్ సినిమాలో ఉంది. డప్పు ఉంచాం, వెనక మైకులో మోగుతున్న పాట మాత్రం హక్కుల సమస్య వల్ల తీసేయాల్సి వచ్చింది. ఆ ఒక్క నిమిషం శుభ్రం చేయడానికి సౌండ్ ఇంజనీర్‌కు రెండు రోజులు పట్టింది.

అసలు గొడవ ఎడిటింగ్‌లో వచ్చింది. రఫ్ కట్ చూసిన ఒక సీనియర్, గొంతు బరువుగా ఉంది, లేడీ ఆర్టిస్టుతో డబ్బింగ్ చెప్పించు అన్నారు. అలాగైతే ప్రేక్షకులు పాత్రతో కలిసిపోతారట. మన సినిమాల్లో హీరోయిన్లకే వేరేవాళ్లు గొంతు ఇస్తారు కాబట్టి ఆయనకు అది మామూలు విషయమే. నాకు మాత్రం రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తొమ్మిదో తరగతిలో పాఠం చదువుతుంటే మగాడిలా మాట్లాడమని నన్ను నిలబెట్టిన రోజు గుర్తొచ్చింది. అక్కతో చెప్పాను. "గొంతు మార్చుకోమని నాకు చిన్నప్పటి సంది చెప్తనే ఉన్నరు," అంది. ఆ తర్వాత డబ్బింగ్ మాట ఎత్తలేదు.

ఒప్పందం ప్రకారం అక్కకు సినిమా చూపించాను. అద్దం ముందు గడ్డం గీసుకునే షాట్ వద్దంది. నాకది ప్రాణం లాంటి షాట్. కానీ ట్రాన్స్ మనిషి అనగానే అద్దం ముందు నిలబెట్టే సినిమాలు ఎన్ని చూశానో ఆలోచిస్తే, అక్కదే న్యాయం అనిపించింది. తీసేశాను.

సబ్‌టైటిల్స్ దగ్గర ఇంకో చిక్కు. ఫోన్‌లో తల్లి "తిన్నవా, పన్నవా" అంటుంది. ఎదుటి మనిషితో మాట్లాడితే మన క్రియలో ఆడా మగా తెలియదు. సినిమా అంతా తల్లి ఆ చాటున తప్పించుకుంటూ వస్తుంది. చివర్లో పక్కింటామెతో "మా పిల్ల వచ్చింది" అంటుంది. "వచ్చిండు" అనలేదు, అదే క్లైమాక్స్. ఇంగ్లిష్‌లో "కేమ్" అంటే ఎవరికైనా ఒకటే. చాలా తంటాలు పడి, సబ్‌టైటిల్స్‌లో తల్లి మాటల్లో "షీ" అన్నది ఆ ఒక్కచోటే వచ్చేలా రాశాను.

టికెట్ పెట్టి హాల్లో వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. ఫెస్టివల్‌కైతే నిర్వాహకులే కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. అందుకని ముందు ఫెస్టివల్స్‌కే పంపాను. 2010 నుంచి ముంబైలో జరిగే ఎల్‌జీబీటీ సినిమాల ఫెస్టివల్ కశిశ్‌కు ప్రేక్షకుడిగా రెండుసార్లు వెళ్లాను, నేను చూసిన వాటిలో ఒక్క తెలుగు మాట వినపడలేదు. ఆ వెలితి మనసులో ఉంది. పంపిన చోట్ల మూడు వద్దన్నాయి, ఒకటి తీసుకుంది.

అంతకుముందే అక్క వాళ్ల గురువు, అంటే హిజ్రాల్లో వాళ్లకు పెద్దదిక్కు, ఇంట్లో ల్యాప్‌టాప్‌కు స్పీకర్లు పెట్టి వేశాను. పదిహేను మంది కూర్చున్నారు. అక్క తలుపు దగ్గరే నిలబడి చూసింది. "పిల్ల వచ్చింది" దగ్గర గురువు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అయిపోయాక అక్క నా దగ్గరికి వచ్చి, "గొంతు మంచిగనే ఉంది గద," అంది. మంచిగుంది అక్కా అన్నాను. ఇంకోసారి వేయమన్నారు లోపలివాళ్లు. తను మాత్రం ఆగలేదు. పొద్దున్నకల్లా ఆరు జాకెట్లకు హుక్స్ కుట్టాలట.